మా దగ్గర ఆటలున్నాయి

కరీంనగర్‌లో నేను చదువుకునే కాలేజీకి, యూసుఫ్ చాచా మోకాలి ఆపరేషన్ చేయించుకున్న ఆసుపత్రికి మధ్య నడిచి వెళ్లేంత దూరమే ఉంది. అయినా ఆయనను చూడటానికి వెళ్లడం నేను కొన్నాళ్లు వాయిదా వేశాను. పరీక్షలని ఒక రోజు, డిబేట్ జట్టుకు సన్నాహమని ఒక రోజు నాకు నేనే కారణాలు చెప్పుకున్నాను. అసలు కారణం, ఆయన మంచం పక్కన సల్మా ఉంటుందన్నది. ఆదిలాబాద్‌లో మా ఇంటికి ఎదురిల్లు వాళ్లది. సల్మా ఆయన కూతురు, నా ఈడుది. మా బాల్యమంతా చాచా మస్కట్‌లో ఒక ఇటలీ ఇంజినీరు కుటుంబానికి కారు నడిపారు. మా నాన్న, అంటే మా బాపు, మా వీధి చివరి పత్తి జిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్. ఈ రెండు వాక్యాలలోనే నా చిన్ననాటి అసూయ మొత్తం ఉంది.

చివరికి వెళ్లాను. సల్మా బత్తాయి తొనలు ఒలిచి తండ్రి చేతిలో పెడుతూ, ఆయన కాలు దించబోయినప్పుడల్లా గద్దిస్తూ ఉంది. "గా కాలు గట్లనే ఉండనియ్యి అబ్బా. డాక్టరు చెప్పింది నీకు కాదా, మంచానికా?" చాచా నా వైపు చూసి నవ్వారు. "చూసినవా స్వప్నా, గీ పిల్లకు పోలీసు నౌకరీ ఇయ్యాలె." ఇంతలో ఆయన ఫోన్‌కు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆడగొంతు, పరాయి భాష. చాచా ముఖం వెలిగింది. "జూలియా బేటా. మస్కట్ల నేను బడికి తోలుకపోయిన పిల్ల. ఇప్పుడు గా పిల్లకే ఒక పిల్ల," అన్నారు. ఆ సందేశంలో చివరి వాక్యం ఒక్కటే నాకు అర్థమైంది. ఆమె నవ్వుతూ, పాత పరాచికం గుర్తు చేస్తున్నట్టు అంది: "వియేని, అబ్బియామో దెయ్ జోకి." రా, మా దగ్గర ఆటలున్నాయి. నాకు వచ్చిన ఇటాలియన్ అంతా అదే. సల్మా బత్తాయి తొక్కలను గట్టిగా నలిపి సంచిలో వేసి, కిటికీ వైపు తిరిగింది. ఆ తిరగడం నాకు కొత్త కాదు.

డిబేట్‌లో మాకు మొదట నేర్పేది, ప్రత్యర్థి వాదాన్ని అతని కంటే బాగా చెప్పగలిగితేనే ఖండించమని. అసూయ విషయంలో మనుషులు ఆ పాటి న్యాయం కూడా పాటించరని నా ఫిర్యాదు. చెడ్డగుణమని తీర్పు చెప్పేసి, విచారణ తర్వాత జరుపుతారు. నేను దాని తరఫున వకాల్తా పుచ్చుకోవడం లేదు. కానీ చిన్నపిల్లలకు ఇంట్లో ఏది తక్కువైందో కనిపెట్టే సాధనం అదొక్కటే ఉంటుంది. దాన్ని వాళ్ల దగ్గర నుంచి లాక్కునే ముందు అది ఏం చూపిస్తోందో కనీసం అడగాలి. నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి, ఆలస్యంగానైనా, నేనే అడుగుతున్నాను.

పత్తి కాలంలో మా వీధికి ఒక ప్రత్యేకమైన వాసన ఉండేది. మిల్లులో నలిగిన పత్తిగింజల నూనెవాసన, ఆరుబయట వేసిన మిరపకాయల ఘాటు, మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిన లారీల పొగ, అన్నీ కలిసిన వాసన అది. గాలిలో ఎప్పుడూ సన్నని దూది తేలుతుండేది. ఆరేసిన బట్టల మీద, చాయ్ గిన్నె మీద, దేవుడి పటం మీద కూడా దూదే. బాపు ఇంటికి వచ్చేసరికి కనుబొమలు తెల్లబడి, ముసలివాడిలా కనిపించేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, నీళ్లు తోడిపెట్టేది. ఆయన కాళ్లూ ముఖమూ కడుక్కొని, కండువాతో చెవులు దులుపుకొని, పీట మీద కూర్చుని, జొన్నరొట్టె తిని, గోడకు ఒరిగి కళ్లు మూసుకునేవాడు. కొట్టిన రోజు లేదు, తిట్టిన రోజు లేదు. మాట్లాడిన రోజులు కూడా గట్టిగా చెప్పుకోదగినన్ని లేవు. "తిన్నవా బిడ్డా?" అనేవాడు. "తిన్న బాపూ." అక్కడితో మా సంభాషణ ముగిసేది. ఇందులో లోపమేమిటో అప్పుడు నాకు తెలియదు. ఎదురింట్లో ఏముందో మాత్రం బాగా తెలుసు.

ఎదురింట్లో సల్మా నాయనమ్మ, దాదీమా ఉండేది. నడుము వంగినా గొంతు వంగని మనిషి. ఆమె పాన్‌దాన్ మూత తీస్తే వచ్చే సున్నం, కాచు, లవంగాల వాసన మా అరుగు దాకా వచ్చేది. గల్ఫ్ నుంచి ఎవరైనా సెలవుపై వస్తే, తెచ్చిన పెట్టెను వీధి ఆడవాళ్లందరి ముందూ విప్పడం మా దగ్గర ఆనవాయితీ. చాటుగా విప్పితే దాచుకున్నారంటారు. పెట్టె విప్పే హక్కూ పంచే హక్కూ ఇంటి పెద్దావిడవి. తెచ్చినవాడు నోరెత్తడానికి లేదు. ఏ ఇంటికీ ఖాళీ చెయ్యి పోకూడదు, ఒకసారి ఇచ్చింది తిరిగి అడగకూడదు. సబ్బులు, అత్తరు సీసాలు, బాదం పప్పు, తలనొప్పి మందు, అన్నీ ఆ న్యాయం ప్రకారమే వీధిలోకి వెళ్లేవి.

ఒక ఏడాది చాచా సెలవుపై తెచ్చిన పెట్టె అడుగున ఆటల డబ్బాలు ఉన్నాయి. ఇంజినీరుగారి పిల్లలు పెద్దవాళ్లై వాడటం మానేసినవాటిని వాళ్ల అమ్మ చాచాకు ఇచ్చిందట. చాచా నమాజుకు వెళ్లి ఉన్నారు. దాదీమా డబ్బాలు తెరిచింది. లోపల రంగురంగుల చెక్క బంటులు, పాచికలు, బొమ్మల చీటీలు, మడతపెట్టే అట్టలు. ఆమెకు అవి సబ్బుల్లాగే కనిపించాయి. వీధిలోని పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి, ఎర్ర బంటులు ఒకరికి, పచ్చవి ఒకరికి, పాచికలు ఇంకొకరికి, చీటీల కట్ట మరొకరికి ఎంతో న్యాయంగా పంచింది. అట్టలు సల్మాకు మిగిలాయి. నా వంతు వచ్చినప్పుడు ఒక చిన్న గాజుబుడ్డి చేతిలో పెట్టింది. నడుము సన్నగా ఉండి, తలకిందులు చేస్తే లోపలి ఇసుక పైనుంచి కిందికి జారే బుడ్డి. "నీకు మంచిది వచ్చింది పో," అంది.

చాచా తిరిగివచ్చేసరికి పంపకం ముగిసింది. ఖాళీ డబ్బాలు చూసి ఆయన నడిఇంట్లో నిలబడిపోయారు.

"అమ్మీ, గివన్ని కలిస్తేనే ఒక ఆట. విడిగ ఎవ్వరేం చేసుకుంటరు?"

"ఆట ఒక్కటైతే పిల్లలు ఒక్కరా? అందరు కూడి ఆడుకుంటరు తియ్యి."

"కూడకపోతే?"

"పిలువు. నోరు లేదా?"

ఆ విధంగా ఆ పిలుపు మా వీధికి వచ్చింది. జూలియా, ఆమె తమ్ముడు రోజూ ఏమని పిలిచేవారో అదే వాక్యాన్ని చాచా సల్మాకు నేర్పారు. ఎండ తగ్గాక సల్మా గడప మీద నిలబడి, రెండు చేతులు నోటికి చుట్టూ పెట్టి, "వియేని, అబ్బియామో దెయ్ జోకి," అని కేకవేసేది. పిల్లలు ఎవరి వాటా వాళ్లు పిడికిట్లో పట్టుకుని పరుగెత్తేవారు. ఎర్ర బంటులు గల పిల్ల రాకపోతే ఆట ఆగేది. పాచికలు గల పిల్లకు జ్వరం వస్తే, అందరూ వాళ్లింటి ముందు నిలబడి బతిమాలేవారు. నా ఇసుకబుడ్డి ఒక్క ఆటలోనే, అది కూడా తప్పనిసరి కాకుండా, పనికివచ్చేది. నేను వెళ్లినా ఆట సాగేది, వెళ్లకపోయినా సాగేది. దాదీమా పంపకంలో అన్యాయం ఏమీ లేదు. కానీ సమానంగా పంచడం వేరు, సమానంగా అవసరం కావడం వేరు అని ఆ వయసులోనే నాకు అర్థమైంది. ఇప్పుడు వేదిక ఎక్కి ఆ తేడా మీద ఎంతసేపైనా మాట్లాడగలను. అప్పుడు మాత్రం సల్మా గొంతు వినబడిన ప్రతిసారీ కడుపులో మిరపకాయ కోసినట్టుండేది.

ఆ వాక్యం నాకు నేర్పమని సల్మాను అడిగాను. "గది మా అబ్బది. నీకెందుకు?" అంది. నిజమే, ఆమెది తిరుగులేని సమాధానం. అందుకే వినివిని నేనే నేర్చుకున్నాను. ఒకనాడు సల్మా దాదీమాతో బజారుకు వెళ్లినప్పుడు, మా అరుగు మీద నిలబడి, సల్మా లాగే చేతులు పెట్టి, వీధంతా వినిపించేలా పిలిచాను. నా దగ్గర ఆటలు లేవు. ఇసుకబుడ్డి తప్ప ఏమీ లేదు. అది అబద్ధమా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. కోరికను వర్తమానకాలంలో చెప్పడమేననే వాదన ఒకటి సిద్ధం చేసుకున్నాను గాని, అది నాకే పూర్తిగా నచ్చలేదు.

పిల్లలెవరూ రాలేదు. చాచా వచ్చారు. బేకరీ నుంచి రొట్టెల పొట్లంతో ఇంటికి వెళుతున్న మనిషి, పిలుపు వినగానే, ఎవరు పిలిచారో కూడా చూడకుండా తిరిగి, చెప్పులు విడిచి, మా అరుగెక్కి బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అంతా అలవాటుగా జరిగిపోయింది. కూర్చున్నాక తలెత్తి నన్ను చూసి, తనలో తాను నవ్వుకున్నారు.

"ఏం ఆట బేటా?"

నేను గాజుబుడ్డి చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "బస్, గిది చాలు," అన్నారు. ఇసుక జారిపోయేలోగా వీధిలో కనిపించే వస్తువుల పేర్లు ఎవరు ఎక్కువ చెబుతారన్నది మా ఆట. నేను చెప్పిన "దూది"ని ఒప్పుకున్నారు, "దూది మీద దూది"ని ఒప్పుకోలేదు. తగాదా పెట్టుకున్నాం. నా జీవితంలో ఒక పెద్దమనిషి నాతో నిజంగా తగాదా పెట్టుకోవడం అదే మొదలు. మధ్యలో మిల్లు నుంచి బాపు వచ్చాడు. కనుబొమల మీద దూదితో మమ్మల్ని చూసి, "ఏం యూసుఫ్ భాయ్, పిల్లలల్ల పిల్లగానివైనవా?" అని నవ్వి, కాళ్లు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు. ఆయన లోపలికి వెళ్లడం ఆ రోజు నా కంటబడింది. అంతకు ముందు ఎన్నడూ పడలేదు.

అప్పుడే సల్మా బజారు నుంచి వచ్చి, కొత్తిమీర కట్ట చంకలో పెట్టుకుని, మా అరుగు ముందు ఆగింది.

"అబ్బా, గీ పిల్ల పిలిస్తే నువ్వొచ్చినవా?"

"పిలుపు ఇనపడ్డది బేటా, కాళ్లు అవే వచ్చినయ్. అక్కడ అలవాటు." చాచా ఉత్సాహంగా చెప్పసాగారు. "బడి నుంచి తోలుకొచ్చినంక గా పిల్లలు సంచులు ఇసిరేసి దర్వాజల నిలబడి గిట్లనే పిలుస్తుండిరి. నేను కింద కూసుంటే గానీ పాలు తాగకపోదురు. తమ్ముడైతే నేను గెలిస్తే ఏడుస్తుండె. అందుకే ఓడిపోతుంటి."

"రోజూ ఆడుతుంటివా?"

"రోజూ."

"ఎన్నేండ్లు?"

ఆ ప్రశ్న ఎటు వెళుతోందో చాచాకు అప్పుడు కనిపించింది. సల్మా జవాబు కోసం నిలబడలేదు. ఇంట్లోకి వెళ్లి, ఆటల అట్టలన్నీ తెచ్చి, తండ్రి ఒడిలో పెట్టింది. "నాకు గివి రావు. వచ్చినోళ్లతోనే ఆడుకో," అంది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. మర్నాటి నుంచి మా వీధిలో పిలుపు వినబడలేదు.

సెలవు అయిపోయే ముందు చాచా ఒక ప్రయత్నం చేశారు. తమ గడప మీద తనే నిలబడి, లోపలి వైపు తిరిగి, కూతురిని ఆ మాటతోనే పిలిచారు. లోపల సల్మా దాదీమా పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మళ్లీ పిలిచారు. దాదీమా, "పో పిల్లా, అబ్బ పిలుస్తుండు," అంది. సల్మా చేట కుదిపి, రాయి ఒకటి తీసి పారేసింది, కదలలేదు. మా అరుగు మీద నుంచి నేను ఇదంతా చూస్తున్నాను. నాకు ఆమె మీద జాలి కలగలేదు. ఒక తండ్రి అలా గడప మీద నిలబడి పిలవడం, ఆ పిలుపును కాదనగల స్థితిలో ఒక పిల్ల ఉండటం, ఈ రెండూ ఎంత పెద్ద ఐశ్వర్యమో తలుచుకుని కుళ్లిపోయాను. చాచా మెల్లగా తలుపు చెక్కను చేత్తో తుడిచారు. తర్వాత వాళ్ల ఇంటి ముందు జీపు ఆగింది, ఆయన మస్కట్ వెళ్లిపోయారు.

ఆసుపత్రిలో, ఆ సందేశం విన్న రోజు, సల్మా నన్ను చాయ్‌కని బయటికి తీసుకువచ్చింది. నేను సూటిగానే అడిగాను, నాకు వచ్చిన పద్ధతి అదొక్కటే.

"ఇంక కోపమున్నదా?"

"ఉంటది. ఎందుకు పోవాలె?" చాయ్ ఊదుకుంటూ అంది. "ఆయన తప్పు లేదని నాకెరుక. పిల్లలు పిలిస్తే పోయిండు. పొట్ట కోసం పోయిన మనిషి. అన్నీ ఎరుకే. గా జూలియాకు జవాబులు కూడ నేనే పెడుత, ఆయన కండ్లకు చిన్న అక్షరాలు కనపడవు. అయినా ఉంటది."

"మరి ఆయనకు ఎరుకేనా?"

"ఎరుకే. నేను మందు గోలీలు గట్టిగ చేతుల పెడుత సూడు, అప్పుడు నవ్వుతడు." నన్ను మోచేత్తో పొడిచింది. "నీకేందే? మీ బాపు రోజూ ఇంటికొస్తుండె. నీకు గీ బాధలు తెల్వయి."

నేను ఎన్నో పోటీలలో, ఎదుటివాళ్లు ఊపిరి పీల్చుకునేలోగా జవాబు చెప్పాను. ఆ మాటను మాత్రం ముందు ఆమె తరఫున చెప్పుకుని చూశాను. సల్మా వాదం దృఢమైనది: ఆమె తండ్రి దూరంగా ఉన్నాడు, అక్కడ వేరే పిల్లలతో ఆడాడు, కాబట్టి ఆమెకు కోపగించే హక్కు ఉంది. ఆ కోపంతోనే ఇన్నేళ్లుగా ఆ ఇద్దరూ ఒకరినొకరు గద్దించుకుంటూ, నవ్వుకుంటూ, విడిపోకుండా ఉన్నారు. నా తండ్రి ప్రతి సాయంత్రం ఇంటికి వచ్చాడు. ఎవరితోనూ ఆడలేదు. ఏ పరాయి పిల్ల మీదా నేను నేరం మోపలేను. సాక్ష్యం లేని ఫిర్యాదు నాది. సల్మా ఆటల మీద, పిలుపు మీద, చివరికి ఆమె కోపం మీద కూడా నాకు అసూయే. కారణం ఇంత సులువైనదని, ఇంట్లోనే ఉన్న తండ్రి నన్ను ఎన్నడూ ఆటకు పిలవకపోవడమేనని, ఆ చాయ్ కొట్టు దగ్గర తెలిసింది.

ఆ వారం చివర ఆదిలాబాద్ వెళ్లాను. పత్తి కాలం కాదు, మిల్లు మూతపడి ఉంది. బాపు అరుగు మీద పాత టేబుల్ ఫ్యాను విప్పి, దాని మోటారుకు తీగ చుడుతున్నాడు. కనుబొమలు ఇప్పుడు దూది లేకుండానే తెల్లగా ఉన్నాయి. ఎదురుగా కూర్చున్నాను.

"బాపూ, నీకేమన్న ఆట వచ్చా?"

"ఏం ఆట?"

"ఏదైనా."

"గిది గూడ మీ డిబేటా?"

"కాదు. అడుగుతున్న."

ఆయన తీగ చుట్టడం ఆపి, నన్ను అనుమానంగా చూశాడు. తర్వాత మోటార్ల మీద గుర్తులు పెట్టే సుద్దముక్క జేబులోంచి తీసి, అరుగు బండ మీద ఒక పొడవాటి ముక్కోణం గీసి, దానికి అడ్డంగా గీతలు లాగాడు. చెయ్యి ఎక్కడా తడబడలేదు.

"పులిమేక. పసులు కాసేటప్పుడు బండల మీద గీసుకుంటుంటిమి. పులులు మేకల మీదికెళ్లి దుంకుతయి, మేకలు పులులను కదలకుంట కట్టెయ్యాలె."

"మరి నాకెన్నడు చెప్పకపోతివి?"

"నువ్వెన్నడు అడగకపోతివి గద బిడ్డా. యూసుఫ్ భాయ్ తోని ఆడుతుంటే, నీకు గవే మంచిగున్నయనుకున్న. గా రంగు బొమ్మల ముందట గీ సుద్దగీతలు ఏం చూపెడుత?"

నేను లేచి బంటుల కోసం వెతికాను. కూలర్ కింద డబ్బాలో చింతగింజలు దొరికాయి, అవి మేకలు. ఫ్యాను నట్లు పులులు. ఆయన పులులతో నన్ను నిర్దాక్షిణ్యంగా తిన్నాడు. చాచాలా కావాలని ఓడిపోలేదు, నన్ను గెలిపించాలనే ఆలోచనే ఆయనకు రాలేదు. రెండోసారి మేకలు పేరుస్తున్నప్పుడు తల తిప్పి చూస్తే, వంటింటి గుమ్మంలో అవ్వ నిలబడి ఉంది. చేతులకు జొన్నపిండి. ఆ చూపు నాకు చాలా బాగా తెలుసు. చిన్నప్పటి నుంచి నేను దాన్నే సాధన చేశాను.

"గీ మనిషికి ఆట వస్తదని నాకు గిప్పుడే ఎరుకైతుంది," అంది అవ్వ. "లగ్గమైన కాడికెళ్లి తిన్నవా అంటే తిన్న, పండుకున్నవా అంటే పండుకున్న. గంతే."

"నీకెందుకే గివన్ని?" అన్నాడు బాపు.

"ఎందుకంటే? మా అవ్వగారింట్ల మేకలు పట్టుకుంటే నన్ను గెలిచినోడు లేడు." చేతులు కడుక్కోకుండానే వచ్చి, నా భుజం మీద పిండిచేత్తో తట్టింది. "జర జరుగు బిడ్డా."

జరిగాను. అవ్వ కొంగు నడుముకు దోపుకొని కూర్చుంది. ఆమె మేకలు ఒకదాని వెనుక ఒకటి, సందు లేకుండా దిగాయి. బాపు మొదట నవ్వాడు, తర్వాత నవ్వడం మానేశాడు, తర్వాత గడ్డం గోక్కున్నాడు. "గది తొండి," అన్నాడు. "తొండి నీ పులి," అంది అవ్వ. ఇద్దరి తలలూ బండ మీదికి వంగి దాదాపు తాకుతున్నాయి. లోపల పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. వాళ్లకు రాలేదు. నేనే లేచి వెళ్లి తిరగేశాను. నా కడుపులో ఆ పాత మిరపకాయ మళ్లీ కోసుకుంది. ఈసారి ఊరుకోలేదు.

"తర్వాతి ఆట నాది," అని వంటింట్లోంచే గట్టిగా చెప్పాను.

"ముందుగాల రొట్టె జూడు," అంది అవ్వ, తలెత్తకుండా.